రైలు ఆపిన పరశురాములు

కోరుట్లలో పరశురాములు అన్న పేరుకు కరువు లేదు. కిరాణం పరశురాములు ఉన్నాడు, మైకుసెట్టు పరశురాములు ఉన్నాడు, మోకాళ్ల నొప్పులకు పసరు రాసే పరశురాములు కూడా ఉన్నాడు. రైలు పరశురాములు మాత్రం ఒక్కడే. ఆ 'రైలు' అనే మాట ఆయనకు ఇంటిపేరు కన్నా ముద్దు. ఎవరైనా ఉత్తగా "పరశురాములన్నా" అని పిలిస్తే వినపడనట్టు కాసేపు ఊరుకునేవాడు. "రైలన్నా" అంటే వీధి చివరి నుంచైనా తల తిప్పేవాడు.

తమాషా ఏమిటంటే ఆ పేరు వచ్చేనాటికి కోరుట్లకు రైలు లేదు. జగిత్యాలకూ లేదు. సిరిసిల్లకైతే ఎన్నికలప్పుడు వచ్చి పోయే మాటలు తప్ప ఇంకేమీ లేవు. రైలు ముఖం చూడని మూడు ఊళ్ల మధ్య ఒక మనిషి చెక్క రైళ్లు చేసి, అమ్మి, పిల్లలను చదివించి, పెంకుటింటిని స్లాబు ఇల్లు చేశాడు. ఇది ఆయన కథ. ఆయన మంచివాడని చెప్పడానికి నేనేమీ కూర్చోలేదు. పని వచ్చినవాడని మాత్రం శత్రువులైనా ఒప్పుకోవాలి.

పుట్టింది సిరిసిల్లలో, పద్మశాలి ఇంట్లో. తండ్రి నర్సయ్య మగ్గం నేయలేదు, మగ్గాలకు కండెలు చేసేవాడు. కండె అంటే నూలు చుట్టుకునే చిన్న కర్ర గొట్టం. లేత్ మిషన్ మీద కర్రను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కి, నునుపు చేసి, ఆఖరున ఎర్ర లక్క ముక్క ఆనించేవాడు. తిరిగే కర్ర వేడికి లక్క కరిగి సన్నని గీతలా అంటుకునేది. కండెకు మూడు గీతలు. మూడు గీతల కండె అయితే పోగు తెగదని సిరిసిల్ల నేతగాళ్లకు నమ్మకం. తర్వాత పవర్‌లూమ్‌లు వచ్చాయి, వాటి వెంట ప్లాస్టిక్ కండెలు వచ్చాయి, నర్సయ్య దిగులుతోనే పోయాడు. కొడుకు ఆ మిషన్‌ను ట్రాక్టరు మీద వేసుకుని కోరుట్లకు వచ్చి మంచం కోళ్లు, చపాతీ కర్రలు చేయడం మొదలుపెట్టాడు.

రైలు పిచ్చి పట్టింది పెద్దపల్లిలో. ఏదో పెళ్లికి వెళ్లారు. సరిగ్గా భోజనాల వేళకు మనిషి మాయం. భార్య భూమవ్వ వెతుక్కుంటూ పోతే స్టేషన్లో ఆగి ఉన్న గూడ్సు బండి పక్కన గొంతుక్కూర్చుని చక్రం కిందికి తొంగి చూస్తున్నాడు. పోలీసు రెక్క పట్టుకుని లేపుతున్నా లేవడు.

"అంచు సూడే, అంచు" అన్నాడట భార్యతో. "గిర్ర లోపలి దిక్కు అంచు లేసి ఉన్నది. గింత బండిని పట్టా మీద పట్టుకున్నది గదే. గది లేకుంటే మలుపు కాడ పల్టీ కొడుతది."

అప్పటిదాకా జాతరల్లో అమ్మే చెక్క రైళ్లు పేరుకే రైళ్లు. ఎడ్లబండి చక్రాలు నాలుగు తగిలించి, పైన పొగగొట్టం పెట్టి రైలు అనేవారు. పరశురాములు చక్రానికి లోపలి అంచు తీశాడు, సన్నని చెక్క పట్టాలు చేశాడు, తాడు కట్టి లాగితే మలుపులో కూడా పట్టా దిగని రైలు చేశాడు. చక్రానికి మూడు ఎర్ర లక్క గీతలు పెట్టాడు. కొండగట్టు జాతరలో, వేములవాడ శివరాత్రికి, ధర్మపురిలో ఆ రైళ్లు వేడి మిర్చీల్లా పోయేవి. మల్యాల రోడ్డు మీది దుకాణాల వాళ్లు ఆయన ఇంటికే వచ్చి నిలబడి తీసుకుపోయేవారు. నాలుగైదేళ్లు ప్లాస్టిక్ బొమ్మలు వచ్చి గొంతు మీద కూర్చున్నా, ఆయన తట్టుకుని నిలబడ్డాడు. రైలు పరశురాములు అనే పేరు ఉన్నంతకాలం తనకేం కాదనుకున్నాడు.

ఆ పేరును లాక్కుపోవడానికి మనిషి బయటి నుంచి రాలేదు. అత్తగారింటి నుంచే వచ్చాడు.

గంభీరావుపేట లచ్చవ్వకు ఇద్దరు బిడ్డలు. పెద్దది భూమవ్వ పరశురాములు భార్య. చిన్నది లీల, సిరిసిల్లలో పవర్‌లూమ్ నడిపే లింబాద్రికి ఇచ్చారు. అంటే లింబాద్రి పరశురాములుకు సడ్డకుడు, తోడల్లుడు. సాంచాలు, అంటే ఆ పవర్‌లూమ్‌లు, మూతపడి పని లేక రోజులు గడవని కాలంలో లచ్చవ్వే చిన్నల్లుడిని వెంటబెట్టుకుని కోరుట్ల వచ్చింది.

"అన్నా, నాకు గీ పని నేర్పరాదే" అని లింబాద్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పరశురాములు నేర్పాడు. ఊరికే చెప్పకూడదు, మనసు పెట్టి నేర్పాడు. ఉలి ఎలా పట్టాలో, లక్క ఎంతసేపు ఆనించాలో, చక్రం అంచు మీద బొటనవేలు తిప్పి చూస్తే ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో ఎలా తెలుస్తుందో చెప్పాడు. "కండ్లు అబద్ధం చెప్తయి తమ్మీ, ఏలు చెప్పది" అనేవాడు. ఎవరైనా వస్తే "మా తమ్ముడు, నా దగ్గరనే నేర్సుకుంటున్నడు" అని గొప్పగా చెప్పుకునేవాడు. తన చేతి కింద ఉన్నంతకాలం లింబాద్రి అంటే ఆయనకు ప్రాణం.

రెండేళ్లయ్యాక జగిత్యాలకు నిజం రైలు వచ్చింది. లింగంపేట స్టేషన్‌కు జనం పిల్లాపాపలతో, సద్దులు కట్టుకుని పోయి చూసొచ్చారు. నిజం రైలు వచ్చాక చెక్క రైలు ఎవరు కొంటారని పరశురాములు బెంగపడ్డాడు. జరిగింది తిరగేసి. రైలు చూసి వచ్చిన ప్రతి పిల్లవాడూ రైలు కావాలని ఏడ్చాడు. ఆ ఏడుపు అందరికన్నా ముందు విన్నవాడు లింబాద్రి. స్టేషన్ దారిలో చిన్న దుకాణం పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా? హైదరాబాద్ నుంచి చిన్న మోటార్లు తెచ్చి రైలు కడుపులో పెట్టాడు. మీట నొక్కితే రైలు తనంతట తనే ఉరికింది. పైగా కూత.

పరశురాములు రైలును తాడు కట్టి లాగాలి. లింబాద్రి రైలు తనే పోతుంది. ఇక చెప్పేదేముంది, మల్యాల రోడ్డు దుకాణాల వాళ్లు కోరుట్ల దారి మరిచిపోయారు.

పరశురాములుకు కడుపు మండింది. దాన్ని ఇంకో పేరుతో పిలవడం అనవసరం. మోకాలి నొప్పికి డాక్టరును చూడాలని చెప్పి జగిత్యాల పోయి, లింబాద్రి దుకాణానికి ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుని ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టేవాడు. ఒక మనిషి కొనకుండా వెళ్లిపోతే ఆ రోజు మోకాలు బాగుండేది. గాజులమ్మే పోచవ్వను బతిమాలి, తన పేరు చెప్పొద్దని ఒట్టు పెట్టించి, లింబాద్రి రైలు ఒకటి తెప్పించుకున్నాడు. మిట్టమధ్యాహ్నం తలుపు గడియ పెట్టి నేల మీద పట్టాలు పరిచి మీట నొక్కాడు. రైలు గుండ్రంగా రెండు చుట్లు తిరిగి కూత వేసింది. ఎక్కడైనా పట్టా దిగుతుందేమోనని నేలకు చెంప ఆనించి చూశాడు. దిగలేదు. దిగితే ఎంత బాగుండునో.

"మా మర్ది బండి మంచిగనే ఉరుకుతుంది గదా" అంది కిటికీలోంచి భూమవ్వ.

ఆయన ముఖం మాడ్చుకుని రైలును సంచిలో కుక్కాడు. ఆ వారమంతా భార్యతో మాట్లాడలేదు.

ఇంతలో ఉద్యమం వేడెక్కింది. సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూసేశారు, బళ్లు మూసేశారు, బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. తెలంగాణ రావాలన్న విషయంలో పరశురాములుకు ఎవరితోనూ పేచీ లేదు. కోరుట్ల చౌరస్తాలో వంటావార్పు జరిగితే పప్పుకు పోపు పెట్టింది భూమవ్వే, గరిటె చేసిచ్చింది ఆయనే. కానీ బొమ్మలు కొనే నాథుడు లేడు. తయారైన రైళ్లు అటక మీద దుమ్ము కొట్టుకుపోతున్నాయి. అందరికీ అలాగే ఉంది కదా అని ఒక ఓదార్పు. అందరితో పాటు లింబాద్రి కూడా ఖాళీగా కూర్చుని ఉంటాడన్న తలపే ఆయనకు ఆ రోజుల్లో కడుపు నిండా అన్నం తినిపించింది.

ఆ అన్నం కూడా ఎక్కువ రోజులు అరగలేదు. లింబాద్రి రైళ్లకు గులాబీ రంగు పూసి, పైన జెండా గుచ్చి, బోగీ మీద 'జై తెలంగాణ' అని రాసి అమ్మకానికి పెట్టాడు. సభలకు వచ్చిన నాయకులకు శాలువాతో పాటు లింబాద్రి రైలు ఇవ్వడం రివాజైపోయింది. చాయ్ హోటల్లో జిల్లా పేపరు తెరిస్తే ఫొటో. చేతిలో రైలు, మెడలో కండువా, పళ్లన్నీ బయటపెట్టిన నవ్వు. కింద పెద్ద అక్షరాల్లో: ఉద్యమ బాటలో రైలు లింబాద్రి.

రైలు లింబాద్రి!

పరశురాములు ఆ రెండు మాటలను మళ్లీ మళ్లీ చదివాడు. గిరాకీ పోతే పోయింది, మోటార్లు లేకపోతే లేవు. ఈ పేరు మాత్రం ఆయనది. పెద్దపల్లి స్టేషన్లో పోలీసు చేత తిట్లు తిని సంపాదించుకున్నది. ఇంటికి వస్తే అత్తగారు లచ్చవ్వ అరుగు మీద కూర్చుని పక్కింటివాళ్లకు అదే పేపరు చూపిస్తోంది. "మా చిన్నల్లుడు. రైలు లింబాద్రి అంటే సిరిసిల్లల, జగిత్యాలల ఎరుకలేనోళ్లు లేరు."

"నేనెవన్ని అత్తా?" అన్నాడు పరశురాములు గుమ్మంలో నిలబడి.

లచ్చవ్వ కొంచెం కంగారుపడింది. "నువ్వు మా పెద్దల్లునివి, కొడుకా" అంది.

ఆ తర్వాత సరిగ్గా మూడో రోజే లింబాద్రి మోపెడ్ మీద కోరుట్ల వచ్చాడు.

"అన్నా, సిరిసిల్ల ఉద్యమ కమిటీ వాళ్లు పెద్ద రైలు చేయిమంటున్నరు. ఎడ్లబండంత ఇంజను, ఎనుక రెండు డబ్బలు. రైలు రోకో చేస్తరట."

"సిరిసిల్లల రైలేదిరా ఆపనీకి?"

"లేదనే గదా చేపిచ్చుకునుడు" అని నవ్వాడు లింబాద్రి. "రాష్ట్రమంత పట్టాల మీద కూసుంటాంది, మనమేం పాపం జేసినం అంటున్నరు. పైపులతోని పట్టాలేసి, సందుల నుంచి చౌరస్తకు రైలును తోలుకొస్తె, అందరు అడ్డం కూసుండి ఆపుతరు. గట్లని నిలబడ్డ రైలును ఆపితే నవ్వుతరు. నడువాలె. బ్యాటరీ మోటరు నేను పెడత. గిర్రలు మాత్రం నీ చేతియే కావాలన్నా. నా మిషిని మీద గంత పెద్దయి ఎక్కయి. ఎక్కినా గా అంచు నాకు రాదు."

మనసు సరిగా ఉంటే ఇందులో వినవలసిన మాట ఒకటుంది, ఆ అంచు నాకు రాదు అన్నది. పరశురాములు చెవులకు అది ఎక్కలేదు. ఆయన విన్నదల్లా వేరు. తాను పుట్టిన ఊరు, తన తండ్రి కండెలతో బట్ట నేసిన ఊరు, రైలు కావాలంటే తనను కాదని వీణ్ని పిలిచింది. బండి వీడిదట, చక్రాలు కోసే పని తనదట.

"కోసిస్త" అన్నాడు. "గని నా పేరు యాడ చెప్పకు."

"గదేందన్నా? మా అన్న కోసిండని మైకుల చెప్పిస్త."

"వద్దన్న గదా. బండి నీది, పేరు నీది. గిర్రలకు పేరెందుకు?"

లింబాద్రి ముఖం చిన్నబోయింది. అయినా పెద్దవాడి మాట కాదనలేక తల ఊపి పోయాడు.

పన్నెండు చక్రాలు. ఒక్కోటి అన్నం పళ్లెమంత. తుమ్మ కర్ర. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మిషన్ ముందు కూర్చుని నాలుగు రోజుల్లో పది కోశాడు. అలాంటి చక్రాలు ఆయన అంతకుముందు కోయలేదు, ఆ తర్వాతా కోయలేదు. చేతికి పనంటే అంత ప్రేమ. మిగిలినవి రెండు, ఇంజను ముందు చక్రాలు. అవి కోసే రోజు పొద్దున మళ్లీ పేపరు చూశాడు. సిరిసిల్లలో రైలు తయారవుతోందని వార్త. అందులోనూ రైలు లింబాద్రే.

మిషన్ తిరుగుతోంది. ఉలి అంచు దగ్గరికి వచ్చింది. అక్కడ ఆపాలి. ఆయన ఆపలేదు. సగానికి సగం అంచు తీసేశాడు. సాఫు దారిలో బండి బాగానే పోతుంది. సందు తిరిగి చౌరస్తాలోకి మలుపు తీసుకునే చోట ముందు చక్రాలు పట్టా ఎక్కి అవతలికి దూకుతాయి. ఎవరికీ దెబ్బ తగలదు, మెల్లగా పోయే చెక్క బండే కదా అని తనకు తానే చెప్పుకున్నాడు. వెయ్యి మంది ముందు లింబాద్రి రైలు బోర్లా పడాలి. అంతే ఆయన కోరింది. రెండు చక్రాలూ నునుపు చేశాడు, లక్క ముక్క అందుకుని గీతలు పెట్టాడు, ఒకటి, రెండు, మూడు. సుద్దతో 'ముందువి' అని రాసి మిగతా వాటితో కలిపి సంచిలో వేశాడు.

"అయినయా?" అని భూమవ్వ చాయ్ తెచ్చి ఇచ్చింది.

"అయినయి" అన్నాడు. చాయ్ రుచిగా ఉందని కూడా అన్నాడు.

బతుకమ్మకు మూడు రోజుల ముందు రైలు రోకో. బస్సులు లేవు. భార్యను మోపెడ్ వెనుక కూర్చోబెట్టుకుని పరశురాములు పొద్దున్నే బయలుదేరాడు. మొదట ఆమె ఎంత బతిమాలినా రానన్నవాడు, ఆ రోజు తనే తొందరపెట్టాడు. సడ్డకుని పని చూడడానికి మనసు కరిగిందని భూమవ్వ మురిసిపోయింది. వేములవాడ దాటాక రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు పెట్టి కుర్రాళ్లు ఆపారు.

"యాడికే పెద్దమనిషీ?"

"సిరిసిల్లకు. రైలు రోకోకు."

"సిరిసిల్లల రైలు యాడిదే!" అని పగలబడి నవ్వి, రాళ్లు జరిపి దారి ఇచ్చారు.

చౌరస్తా నిండా జనం. డప్పులు, జెండాలు, బతుకమ్మ పాటలు. ఇనుప పైపుల పట్టాల మీద ముసలి నేతగాళ్లు ముందు వరుసలో కూర్చున్నారు. వాళ్ల వెనుక బీడీలు చుట్టే ఆడవాళ్లు, వాళ్ల వెనుక నాయకులు, బంతిపూల దండలు. రైలును ఆపాక ఆ దండలు ఇంజనుకు వేయాలని ఏర్పాటు. పరశురాములు ఒక కరెంటు స్తంభం పక్కన, మలుపు బాగా కనబడే చోట నిలబడ్డాడు. చోటు వెతుక్కోవడంలో కూడా అంత శ్రద్ధ.

సందులోంచి కూత వినబడింది. గులాబీ రంగు ఇంజను మెల్లగా బయటికి వచ్చింది. దాని పక్కనే చేతిలో మీట పట్టుకుని లింబాద్రి నడుస్తున్నాడు. జనం ఒక్కసారి అరిచారు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. పరశురాములు మాత్రం ఇంజనును చూడలేదు. చక్రాలను చూశాడు. పైపు మీద చప్పుడు లేకుండా, ఎక్కడా వణకకుండా దొర్లుతున్న తన చక్రాలు. అంత పెద్దవి, అంత బరువు మోస్తూ. తన జీవితంలో తాను చేసినవాటిలో అదే గొప్ప పని అని ఆ క్షణంలో తెలిసింది. దాటితే బాగుండు, మలుపు దాటితే బాగుండు అనుకున్నాడు. నాలుగు రోజులుగా పడాలని కోరుకున్నవాడే అలా అనుకున్నాడు. చేతి కింది నుంచి పోయిన చక్రం ఇక వినదు.

మలుపు దగ్గర లింబాద్రి వేగం బాగా తగ్గించాడు. అయినా ముందు చక్రం పైపు మీదికి పాకింది. ఇంజను ఒక పక్కకు లేచి, ఒక్క క్షణం ఆలోచించి, దబ్బున బోర్లా పడింది. వెనుక డబ్బాలు దాని మీద ఒరిగాయి. అడ్డం కూర్చున్నవాళ్లకు ఇంకా పది గజాల దూరం ఉంది.

డప్పులు ఆగిపోయాయి. ఇంజను తలకిందులుగా పడి ఉంది, చక్రాలు ఆకాశం వైపు ఇంకా తిరుగుతున్నాయి. తిరిగి తిరిగి మెల్లబడ్డాయి. మెల్లబడ్డాక ఒక్కో చక్రం మీద ఎర్రగా మెరుస్తూ మూడు గీతలు.

ఎక్కడా తన పేరు చెప్పొద్దని ఒట్టు వేయించినంత పని చేశాడే, ఆ గీతలు ఎప్పుడు పెట్టాడు? పెట్టినట్టే గుర్తు లేదు. చెయ్యి పెట్టేసింది.

పట్టాల మీద ముందు వరుసలో కూర్చున్న ముసలి నేతగాడు రాజయ్య లేచి, వంగి, చక్రాన్ని తడిమి చూశాడు. నలభై ఏళ్లు ఆ గీతల కండెలతో నేసినవాడు.

"గివి కండెల నర్సయ్య గీతలు! ఆయన కొడుకు పరశురాములు కోసిన గిర్రలే గదా ఇవి?" అని గట్టిగా అన్నాడు.

"గా కరెంటు కంబం కాడ ఉన్నడు!" అని ఎవరో చూపించారు. వెయ్యి తలలు తిరిగాయి. పారిపోదామంటే వెనుక గోడ. భూమవ్వ భర్త ముఖం చూసింది. ముప్పై ఏళ్ల కాపురం, ఆమెకు అంతా అర్థమైంది. ఒక అడుగు పక్కకు జరిగి నిలబడింది.

అప్పుడు లింబాద్రి పోయి మైకు అందుకున్నాడు.

"అవును. గిర్రలు మా అన్న పరశురామన్న కోసినయే" అన్నాడు. "రైలును మనం ఆపుడేంది, తెలంగాణ గిర్రలైతే అయ్యే ఆగుతయి అన్నడు మా అన్న. రాష్ట్రం రాందే రైలు గీ చౌరస్త దాటొద్దని గట్లనే కోసిండు. గిది రైలు పడుడు గాదు. రైలు గూడ సమ్మెల దిగింది!"

చౌరస్తా దద్దరిల్లిపోయింది. డప్పులు మోగాయి, విజిల్స్ వేశారు, కుర్రాళ్లు పరశురాములును భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఇంజనుకు వేయాల్సిన బంతిపూల దండలన్నీ ఆయన మెడలో పడ్డాయి. ఎవరో మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు: "రైలు ఆపిన పరశురాములుకు జై!"

దండల్లోంచి ఆయనకు కింద ఒక్కడే కనబడుతున్నాడు. వంగి, విరిగిన ఇంజను ముక్కలు ఏరుకుంటున్న లింబాద్రి.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక పరశురాములు వెళ్లి ఇంజనుకు ఒక పక్క చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి దాన్ని లేపి ట్రాలీలోకి ఎక్కించారు. లీల కాస్త దూరంగా కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. బావ వచ్చాడని లేవలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు పరశురాములు, తల ఎత్తకుండా.

"బిగించే ముందే. ఏలు తిప్పి సూసిన. నువ్వే నేర్పితివి గదా."

"మరెందుకు బిగించినవ్? వేరేటియి పెట్టరాదా?"

"అన్న కోసినయి పనికిరాలేదని సిరిసిల్లంత అనరా? నీ పేరు పోదా? మెల్లగ తోలితే మలుపు దాటుతదనుకున్న." లింబాద్రి తాడు ముడి బిగించాడు. తర్వాత సడ్డకుని కళ్లలోకి సూటిగా చూశాడు. "రైలు పడ్డందుకు నాకు బాధ లేదన్నా. మల్ల చేసుకుంట. నువ్వు సూడనీకి వస్తివి సూడు, గదే."

పరశురాములు తాడు రెండో కొస అందుకుని ముడి వేశాడు. కోరుట్ల దాకా భూమవ్వ మోపెడ్ వెనుక ఆయన భుజం పట్టుకోకుండానే కూర్చుంది.

ఆ తర్వాత రోజులు ఆయనకు బాగానే తిరిగాయి, అదే చిత్రం. పేరు మూడు ఊళ్లలో పాకింది. 'రైలు ఆపిన పరశురాములు గిర్రలు' కావాలని జనం అడిగి మరీ కొన్నారు. లింబాద్రి రైళ్లకు కూడా చక్రాలు ఆయనే కోయసాగాడు. అడిగింది లింబాద్రి కాదు, తనే. ఒక్కో చక్రాన్నీ వేలు తిప్పి రెండుసార్లు చూసి పంపేవాడు. కానీ మూడు గీతలు పెట్టడం మానేశాడు. ఎవరైనా అడిగితే మంచి లక్క దొరకడం లేదనేవాడు. రాష్ట్రం వచ్చిన రోజు కోరుట్ల చౌరస్తాలో ఆయనకు శాలువా కప్పారు. కప్పించుకున్నాడు. మారుమాట అనే ధైర్యం లేకపోయింది.

ఇంకో రెండు మూడేళ్లకు కోరుట్లకు కూడా రైలు వచ్చింది. స్టేషన్ కిటకిటలాడింది. "రైలు ఆపిన పరశురాములును ముందుకు రానియ్యున్రి" అని జనమే దారి చేసి ఆయన్ను ముందుకు నెట్టారు. పక్కనే నేల మీద గోనెసంచి పరిచి లింబాద్రి చిన్న రైళ్లు అమ్ముతున్నాడు. చుట్టూ తల్లులూ పిల్లలూ. గిరాకీ బాగుంది. అది చూడగానే పరశురాములు కడుపులో ఆ పాత మంట మళ్లీ చురుక్కుమంది. మనిషి మారలేదు.

మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వేనా గా రైలు ఆపినోనివి? ఎట్ల ఆపినవే? ఒక్కపారి చెప్పరాదు, ఇందామని చానొద్దుల సంది అనుకుంటున్న."

ఇన్నేళ్లలో మొదటిసారి పరశురాములుకు నిజం నాలుక చివరికి వచ్చింది. "నేను ఆపలే. ముందు గిర్రల అంచు..." అని మొదలుపెట్టాడు.

"మా అన్నకు చెప్పుకునుడు రాదు పెద్దనాయినా, నేను చెప్త ఇను" అని లింబాద్రి అమ్ముతున్న రైలు పక్కన పెట్టి లేచాడు. చౌరస్తా, డప్పులు, మలుపు, బోర్లా పడ్డ ఇంజను, ఆకాశం వైపు తిరిగిన మూడు గీతల చక్రాలు, అన్నీ చేతులతో చూపిస్తూ చెప్పాడు. చుట్టూ జనం మూగారు. రైలు సమ్మెలో దిగింది అనే చోట అందరూ గొల్లుమన్నారు. పరశురాములు కూడా తలవంచుకుని విన్నాడు. తన కథను కూడా తనకన్నా వాడే బాగా చెబుతున్నాడని తోచింది, తోచి మళ్లీ అసూయ పడ్డాడు.